టేపు తిరిగింది సరే, డేటా ఎక్కిందా?

భిలాయిలో తయారైన రైలు పట్టాను దగ్గరగా చూస్తే ఎవరు చేశారో, ఏ నెలలో ఏ ఏడాది చేశారో దాని ఒంటి మీదే అచ్చు పడి ఉంటుంది. ఏ హీట్ ఉక్కుతో, అంటే ఏ విడతలో కరిగించిన ఉక్కుతో చేశారన్న నంబరూ ఉంటుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఎక్కడో ఆ పట్టా విరిగితే, ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లి ఆనాటి ఉక్కులో ఏ పాళ్లు ఎంతెంత, పరీక్షల్లో ఏం తేలింది అని అడుగుతారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ ఊరు అలాంటి లెక్కల మీదే నడుస్తోంది. కర్మాగారం ఒక్కటే కాదు. ఇండస్ట్రియల్ ఏరియాలోని చిన్న యూనిట్లు, సెక్టార్లలోని బళ్లు, ఆస్పత్రులు, సహకార సంఘాలు అన్నిటికీ పాత కాగితంతో పని పడుతూనే ఉంటుంది. ఆ కాగితం ఇప్పుడు సర్వర్‌లోకి చేరింది. సర్వర్ పాడైతే ఎలాగన్న ప్రశ్నకు ఇలాంటి ఊళ్లలో చాలామంది చూపించే జవాబు, నైట్ షిఫ్టు వేళ ఎవరూ లేని గదిలో తనంతట తాను తిరిగే టేపు.

ఆ టేపును తిప్పేది సాధారణంగా ఎన్నో ఏళ్ల కిందట ఎవరో రాసిపెట్టిన ఓ యాభై లైన్ల స్క్రిప్టు. రాసినాయన రిటైరై ఈపాటికి శ్రీకాకుళమో పార్వతీపురమో వెళ్లిపోయి ఉంటాడు. పనిచేస్తున్నంత కాలం దాన్ని ఎవరూ తెరిచి చూడరు. సర్వర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాక ఆ స్క్రిప్టు గతేమిటన్నదే ఇక్కడి విషయం. ఈ రంగంలో ఇన్నేళ్లుగా పోగైన అనుభవమంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలిందొకటే. ఆగిపోయిన స్క్రిప్టుతో పెద్ద ప్రమాదం లేదు. పొద్దున్నే ఎర్రర్ కనిపిస్తుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. ఏ ఎర్రరూ చూపకుండా, లాగ్‌లో ‘పూర్తయింది’ అని రాసి, టేపు మీద మాత్రం ఏమీ రాయనిదే కొంప ముంచుతుంది. కాబట్టి వెతుకులాట స్క్రిప్టు దగ్గర కాదు, టేపు దగ్గర మొదలవ్వాలి.

ఈ రోజుల్లో ఇంకా టేపేమిటి అనేవాళ్లకు క్లుప్తంగా ఒక మాట. 2000లో వచ్చిన మొదటి తరం ఎల్‌టీవో టేపులో 100 గిగాబైట్లు పట్టేవి. 2021లో వచ్చిన తొమ్మిదో తరం దాంట్లో 18 టెరాబైట్లు పడతాయి. డ్రైవ్ ఖరీదే గాని టేపు చవక, అల్మరాలో పెడితే కరెంటు అడగదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి. కంప్యూటర్లో లెక్కలు రాసేవాళ్లు దేశంలో ఉన్న సర్వర్‌లో వాటి బ్యాకప్ రోజూ ఉంచాలని 2022 ఆగస్టులో నిబంధన బిగించారు. రోజువారీ కాపీకి సర్వర్ తప్పదు, ఎనిమిదేళ్ల దాపుడుకు టేపు నప్పుతుంది. అదే ఏడాది నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను రాన్సమ్‌వేర్ పట్టుకుంటే ఓపీ పనులు రోజుల తరబడి చేతిరాత మీద నడిచాయి. డ్రైవ్‌లోంచి బయటికి తీసి బీరువాలో పెట్టిన టేపును ఏ నెట్‌వర్కు దొంగా అందుకోలేడు.

విండోస్ కథ ముందు చెప్పేస్తే నయం, ఎందుకంటే అది తేలిగ్గా అర్థమవుతుంది. విండోస్ సర్వర్ 2003 వరకు ఎన్‌టీబ్యాకప్ అనే ప్రోగ్రాం వెంటే వచ్చేది, నేరుగా టేపు మీద రాసేది. ఒక బ్యాచ్ ఫైలులో దాని పేరు, ఎంపిక జాబితా, టేపు పూల్ పేరు రాసి షెడ్యూలర్‌కు అప్పగిస్తే చాలు. 2008లో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసి వేరే బ్యాకప్ ప్రోగ్రాం పెట్టింది. దానికి టేపంటే ఏమిటో తెలియదు. పాత బ్యాకప్ ఫైళ్లు చదువుకోవడానికి మాత్రం విడిగా ఓ ఉపకరణం ఇచ్చింది. కొత్తగా రాయడానికి కాదు. 2015 జులై 14న 2003కు సపోర్టు ముగిసేసరికి పట్టుకుని వేలాడుతున్నవాళ్లకూ కదలక తప్పలేదు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌దీ అదే తీరు. బ్యాకప్ ఎగ్జెక్ 2012లో పాత కమాండ్ లైన్ పరికరాన్ని తీసేసి పవర్‌షెల్ కమాండ్లు తెచ్చారు. పాత వాటిని పిలిచే స్క్రిప్టులన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. ఇవన్నీ చప్పుడు చేసే చావులు. అందుకే వీటి గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఒక్క మెలిక మాత్రం ఉంది. విండోస్ సర్వర్ 2008 నుంచి పెంచిన హక్కులతో నడిచే పనికి, యూజర్ లాగిన్‌లో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్ అక్షరం కనిపించకపోవచ్చు. చేతితో నడిపితే జడ్ డ్రైవ్ ఉంటుంది, షెడ్యూలర్‌లో ఉండదు. అక్షరం బదులు సర్వర్ పేరుతో పూర్తి దారి రాస్తే సమస్య తీరుతుంది.

లినక్స్‌లో అసలు పీడ మౌనంగా వస్తుంది. అక్కడ టేపు డ్రైవ్‌కు రెండు పేర్లుంటాయి. ఎస్‌టీ0 అనే పేరుతో రాస్తే పని అయిన వెంటనే టేపు మొదటికి చుట్టుకుంటుంది. ఎన్‌ఎస్‌టీ0 పేరుతో రాస్తే ఆగిన చోటే ఉంటుంది. ఒకే టేపు మీద వరసగా జీతాలు, స్టోర్స్, లెక్కలు అని మూడు ఆర్కైవ్‌లు రాసే స్క్రిప్టుకు రెండో పేరు కావాలి. పాత అడ్మిన్ చాలాసార్లు ‘టేప్’ అని ఒక లింకు పెట్టుకుని స్క్రిప్టంతా ఆ పేరే వాడి ఉంటాడు. అప్‌గ్రేడ్ తర్వాత ఆ లింకు ఉండదు. కొత్తాయన గుర్తున్నట్టు దాన్ని మళ్లీ పెడతాడు, ఎస్‌టీ0 వైపు. ఆ రాత్రి నుంచి జీతాల మీద స్టోర్స్, స్టోర్స్ మీద లెక్కలు రాసుకుంటూ పోతుంది. ప్రతి కమాండూ విజయవంతమే. టేపు మీద మిగిలేది చివరి ఆర్కైవ్ ఒక్కటే.

దీనికన్నా ఘోరం ఇంకోటి ఉంది. డివైస్ పేర్లుండే డెవ్ డైరెక్టరీ ఒకప్పుడు డిస్కు మీద స్థిరంగా ఉండేది. ఆ పేర్లను చూసుకునే యూడెవ్ వచ్చాక బూట్ అయిన ప్రతిసారీ మెమరీలో కొత్తగా పుడుతుంది. టేపు డ్రైవ్‌ను సర్వర్‌కు కలిపే పాత కార్డుకు కొత్త కెర్నల్‌లో డ్రైవర్ లేకపోతే ఎన్‌ఎస్‌టీ0 అన్న పేరే అక్కడ ఉండదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో పాత కార్డుల డ్రైవర్లు కొన్నిటిని నిజంగానే తీసేశారు. అప్పుడు ఫైళ్లను ఆర్కైవ్‌గా కట్టి రాసే టార్ కమాండు, రూట్ హక్కులతో నడుస్తూ, ఏం చేస్తుంది? ఆ పేరుతో మామూలు ఫైలు ఒకటి సృష్టించి దాంట్లో రాసేస్తుంది. అంటే బ్యాకప్ సర్వర్ ర్యామ్‌లోకి పోతోంది. డేటా చిన్నదైతే ఎర్రర్ రాదు, సున్నా కోడ్‌తో ముగుస్తుంది, రీబూట్ చేస్తే మాయమవుతుంది. పెద్దదైతే చోటు లేదని ఆగుతుంది, అదే అదృష్టం. దీన్ని పట్టుకోవడానికి ఒకే కమాండు చాలు: ఎల్‌ఎస్ చూపే వరసలో మొదటి అక్షరం ‘సీ’ ఉండాలి, అడ్డగీత ఉంటే అది డ్రైవ్ కాదు, మామూలు ఫైలు. స్క్రిప్టు మొదట్లోనే ఈ పరీక్ష రాసి, తప్పితే ఆపేయాలి. రెండు డ్రైవ్‌లున్న చోట ఏది 0, ఏది 1 అన్నది కూడా అప్‌గ్రేడ్‌తో తారుమారు కావచ్చు. సీరియల్ నంబరుతో ఉండే స్థిరమైన పేరు యూడెవ్ ఇస్తుంది, అదే వాడాలి.

డ్రైవ్ బాగానే ఉండి, సరుకే రాని సందర్భం మూడోది. స్క్రిప్టు ముందు ఏదో పాత విండోస్ మెషీన్ ఫోల్డరును మౌంట్ చేసి, తర్వాత దాన్ని టేపుకెక్కిస్తుంది అనుకుందాం. 2017లో వచ్చిన లినక్స్ కెర్నల్ 4.13 నుంచి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ అడగందే వాడరు. పాత మెషీన్‌కు అదొక్కటే తెలుసు. మౌంట్ విఫలమవుతుంది, కానీ ఖాళీ ఫోల్డరు మిగిలే ఉంటుంది, టార్ ఆ ఖాళీ ఫోల్డరును శ్రద్ధగా దాచిపెడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ దారిలోనూ ఇదే గొడవ: 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి షా-1తో చేసే పాత ఆర్‌ఎస్‌ఏ సంతకాలను మామూలుగా ఒప్పుకోరు. ఇన్నాళ్లూ పాస్‌వర్డ్ లేకుండా డేటా ఇచ్చిన పాత సర్వర్ ఒక్కసారిగా తలుపు మూసేస్తుంది. భద్రత కోసం చేసిన మార్పులే ఇవి, తప్పు పట్టడానికి లేదు. కానీ కర్మాగారాల ఊళ్లలో యంత్రాలకు అతికించిన పాత కంప్యూటర్లు అంత త్వరగా పోవు, అక్కడి బ్యాకప్ స్క్రిప్టులు వాటితో మాట్లాడక తప్పదు.

ఇక స్క్రిప్టును చదివి నడిపే షెల్. 2006 అక్టోబరులో ఉబుంటు 6.10తో ఎస్‌హెచ్ అన్న పేరు వెనక బ్యాష్ పోయి డ్యాష్ వచ్చింది. డెబియన్ 2011లో అదే చేసింది. బ్యాష్‌లో ‘యాంపర్సండ్, గ్రేటర్ దాన్’ కలిపి రాస్తే అవుట్‌పుట్, ఎర్రర్ రెండూ లాగ్ ఫైలుకు వెళ్తాయి. డ్యాష్ ఆ రెండు గుర్తుల్ని విడివిడిగా చదువుతుంది: యాంపర్సండ్ అంటే టార్‌ను వెనక నడిపించు, మిగతాది లాగ్‌ను ఖాళీ చేయి. టార్ ఇంకా రాస్తుండగానే తర్వాతి లైను టేపును బయటికి తోయమంటుంది. డ్రైవ్ బిజీగా ఉందని వస్తుంది. చూసినవాళ్లు డ్రైవ్‌లో లోపం అనుకుని సర్వీసు ఇంజనీర్‌కు ఫోన్ చేస్తారు. స్క్రిప్టు మొదటి లైనులో బ్యాష్ అని స్పష్టంగా రాస్తే ఈ తంటా ఉండదు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాష దగ్గర హిందీ ఎంచుకుంటే, వారం పేరు చెప్పమన్నప్పుడు డేట్ కమాండు నాగరి లిపిలో జవాబిస్తుంది. స్క్రిప్టు మాత్రం ఇంగ్లీషు పేరుతో పోల్చి, శుక్రవారమైతే పూర్తి బ్యాకప్ తీద్దామని ఎదురుచూస్తూ ఉంటుంది. దాని శుక్రవారం ఎన్నటికీ రాదు. రోజూ చిన్న బ్యాకప్‌లే పోగవుతాయి, వాటికి ఆధారమైన పూర్తి ప్రతి నెలల కిందటిది. స్క్రిప్టు తలలో లొకేల్‌ను ‘సీ’ అని కట్టేస్తే, లేదా పేరు బదులు వారం అంకె వాడితే సరిపోతుంది. లినక్స్‌లో వేళకు పనులు నడిపే క్రాన్‌కు కమాండ్లుండే దారులు తక్కువ తెలుసన్న సంగతి పాతదే గాని ఇప్పటికీ ఎక్కువమందిని తిప్పలు పెట్టేది అదే. చేతితో నడిపితే పనిచేసి రాత్రి పనిచేయని ప్రతి స్క్రిప్టు విషయంలోనూ మొదట అనుమానించాల్సింది దాన్నే.

ఫైల్ సిస్టమ్ మారడం గురించి రెండు ముక్కలు. 2014లో రెడ్ హ్యాట్ 7తో మామూలుగా వచ్చే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయింది. డంప్ కమాండుకు అది చదవడం రాదు, దానికి విడిగా ఎక్స్‌ఎఫ్‌ఎస్‌డంప్ కావాలి. రెడ్ హ్యాట్ 9లో డంప్‌నే తీసేశారు, తిరిగి చదివే రీస్టోర్‌ను మాత్రం ఉంచారు. మైక్రోసాఫ్ట్ ఎన్‌టీబ్యాకప్ విషయంలో చేసిన పనే ఇది. రాయడం ఎప్పుడైనా మానొచ్చు, చదవడం మానలేం అన్న ఇంగితం ఇద్దరికీ ఉంది.

చదవడం అన్నాం కాబట్టి బ్లాకు సైజు ముచ్చట. టార్ మామూలుగా 10,240 బైట్ల ముద్దలుగా రాస్తుంది. వేగం కోసం పాత స్క్రిప్టులో అంతకు పెద్ద సైజు ఇచ్చి ఉండొచ్చు. చదివేటప్పుడు చిన్న సైజు ఇస్తే లినక్స్ ‘కెనాట్ అలొకేట్ మెమరీ’ అంటుంది. అది నిజానికి ర్యామ్ గురించి కాదు, టేపు మీది ముద్ద నీ గిన్నెలో పట్టదని చెప్పడం. ఆ మాట నమ్మి ర్యామ్ కొన్నవాళ్లు ఉంటే ఆశ్చర్యం లేదు. పెద్ద సైజు ఇచ్చి మళ్లీ చదివితే వస్తుంది.

ఇన్ని దోషాలున్నా ఎవరో ఒకరికి కబురు అందితే బతికిపోతాం. అందదు. ‘టార్ నుంచి జిజిప్, అక్కడి నుంచి డీడీ’ అని గొట్టాలు కలిపితే షెల్ అడిగేది చివరివాడి క్షేమమే. మొదటివాడు మధ్యలో చచ్చినా సున్నాయే వస్తుంది. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ పెట్టాలి. టార్ కోడ్‌లలోనూ తేడా తెలియాలి: 1 అంటే చదువుతుండగా ఏదో ఫైలు మారింది, 2 అంటే ఘోరం జరిగింది. రెండిటినీ ఒకే గాటన కట్టి రోజూ కేకలు పెట్టే స్క్రిప్టును జనం నెలలో వినడం మానేస్తారు. ఇక మెయిల్ పంపే ప్రోగ్రాం కొత్త ఇన్‌స్టలేషన్‌లో అసలు ఉండకపోవచ్చు. ఎర్రర్ చెప్పాల్సిన లైనే ఎర్రర్ అవుతుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థకు జరిగింది సరిగ్గా ఇదే. ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. బ్యాకప్ తీద్దామని చూస్తే ఏమీ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6కు వెళ్లింది, బ్యాకప్ తీసే ప్రోగ్రాం మాత్రం 9.2దే నడుస్తోంది, వెర్షన్ కుదరక రోజూ విఫలమైంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లను సంతకం లేదన్న కారణంతో మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. వేరే పని కోసం తీసిన ఆరు గంటల నాటి ప్రతి చేతికి దొరక్కపోతే ఇంకెంత పోయేదో. ఆ సంస్థ తన తప్పును దాచకుండా రాసింది కాబట్టే మనకు ఇదంతా తెలుసు. మన దగ్గర ఇలాంటివి జరిగితే ఫైల్లో ‘సాంకేతిక లోపం’ అని రాసి కట్ట కట్టేస్తాం.

స్క్రిప్టు సరిదిద్దబోయి నష్టపోయిన ఉదాహరణ కూడా ఉంది. 2021 డిసెంబరు మధ్యలో జపాన్ క్యోటో విశ్వవిద్యాలయ సూపర్‌కంప్యూటర్‌లో, సరఫరాదారు మెరుగుపరచిన బ్యాకప్ స్క్రిప్టును పాతది నడుస్తుండగానే దాని మీద రాశారు. బ్యాష్ స్క్రిప్టును ముందే మొత్తం చదవదు, కొద్దికొద్దిగా చదువుతూ నడుస్తుంది. మధ్యలో ఫైలు మారిపోయేసరికి పాత లాగ్‌లు తుడిచే కమాండుకు దారి చెప్పే వేరియబుల్ ఖాళీ అయింది. 77 టెరాబైట్లు, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు పోయాయి. కాబట్టి అప్‌గ్రేడ్ హడావిడిలో నడుస్తున్న స్క్రిప్టును ఎడిట్ చేయొద్దు. కొత్త పేరుతో రాసి, పాతది ఆగాక పేరు మార్చాలి. విలువ లేని వేరియబుల్ కనబడితే ఆగిపొమ్మనే సెట్టింగు ఒక్క లైను; అదీ పెట్టాలి.

మరి వెతకడం ఎలా? స్క్రిప్టు కళ్లముందు ఉంటుంది కనుక అందరూ దాన్నే మొదట తెరుస్తారు. నా ఉద్దేశంలో అది తలకిందుల పద్ధతి. అప్‌గ్రేడ్ తర్వాతి మొదటి టేపును తీసి, వీలైతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి, దాంట్లో ఎన్ని ఆర్కైవ్‌లున్నాయో, ఏమేమి ఫైళ్లున్నాయో జాబితా తీయండి. ఒక ఫైలును పక్క ఫోల్డరులోకి తిరిగి తెచ్చి అసలుతో పోల్చండి. తేడా కనిపిస్తే అప్పుడు కింది నుంచి పైకి రండి: ఎంటీ కమాండుతో డ్రైవ్ పలుకుతోందా, డీడీతో ఒక చిన్న ఫైలు రాస్తే తిరిగి వస్తోందా, టార్ ఒంటరిగా పనిచేస్తోందా, స్క్రిప్టు చేతితో నడుస్తోందా, అన్నీ అయ్యాక క్రాన్‌తో నడుస్తోందా. ఏ మెట్టు దగ్గర విరిగితే అక్కడే రోగం. పట్టిన సమయం కూడా సాక్షి. ఐదో తరం ఎల్‌టీవో సెకనుకు 140 మెగాబైట్లు రాస్తుంది, 1.5 టెరాబైట్ల టేపు నిండటానికి దాదాపు మూడు గంటలు కావాలి. మొన్నటిదాకా రెండు గంటలు పట్టిన పని నాలుగు నిమిషాల్లో అయిందంటే కొత్త సర్వర్ వేగాన్ని మెచ్చుకోకండి, అనుమానించండి.

ఒక జాగ్రత్త. అప్‌గ్రేడ్ వారంలో జరిగిన ప్రతిదీ అప్‌గ్రేడ్ పాపం కాదు. మే నెలలో దుర్గ్, భిలాయి ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. వేడి గదిలోంచి తెచ్చిన టేపును ఏసీ గదిలో ఒక రోజు ఉంచి తర్వాతే వాడమని తయారీదారులు చెబుతారు. దుమ్ము పట్టిన హెడ్‌కు క్లీనింగ్ క్యాసెట్ వేయకుండా కెర్నల్‌ను తిట్టి లాభం లేదు.

బాగుచేయడం కాదు, మార్చేద్దామన్న వాదనా గట్టిదే. కొందరు స్క్రిప్టులు వదిలేసి ప్యాకేజీ పెట్టుకోమంటారు. ఉచితంగా దొరికేవాటిలో బాకులా పెద్ద కేటలాగ్ నిర్వహిస్తుంది, కానీ దాని ఫార్మాట్ దానిదే, చదవాలంటే దాని పనిముట్లే కావాలి. అమాండా రాసే ప్రతి ఆర్కైవ్ ముందు మనిషి చదవగలిగే చిన్న తలకట్టు ఉంటుంది. తిరిగి తీయడానికి ఏ కమాండు కొట్టాలో దాంట్లోనే రాసి ఉంటుంది. మనుషులు మారిపోయే ఊళ్లకు అంతకన్నా మంచి గుణం ఇంకోటి లేదనుకుంటాను. ఇంకొందరు టేపే వద్దు, డిస్కు మీద నాలుగు ప్రతులు చాలంటారు. 2011 ఫిబ్రవరి చివర్లో స్టోరేజి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని లోపం వల్ల జీమెయిల్ వాడుకర్లలో 0.02 శాతం మంది ఉత్తరాలు మాయమయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలోని ప్రతులు కూడా దానికి బలయ్యాయి. గూగుల్ వాటిని టేపుల నుంచే వెనక్కి తెచ్చింది. సాఫ్ట్‌వేర్ తప్పు ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతులన్నిటికీ ఒకేసారి సోకుతుందన్న వాదనకు ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు. నా ఓటు పాత స్క్రిప్టుకే, అయితే పైన చెప్పిన తనిఖీలన్నీ దాంట్లో చేర్చాక. యాభై లైన్లు ఎనభై అవుతాయి. డజను సర్వర్లు దాటితే మాత్రం ప్యాకేజీయే మేలు.

సర్వర్‌తో పాటు డ్రైవ్‌నూ మార్చేవాళ్లు అసలు చిక్కులో పడతారు. ఏడో తరం వరకు ఎల్‌టీవో డ్రైవ్ రెండు తరాల వెనకటి టేపులు చదివేది. ఎనిమిదో, తొమ్మిదో తరాల డ్రైవ్‌లు ఒక్క తరం వెనక్కే. ఐదో తరం, ఆరో తరం టేపుల పెట్టెలున్న ఆఫీసు ఎనిమిదో తరం డ్రైవ్ కొంటే, ఎనిమిదేళ్లు దాచాల్సిన లెక్కలు బీరువాలో భద్రంగానే ఉంటాయి, చదివే యంత్రమే ఉండదు. కాబట్టి పాత సర్వర్‌ను, దాని డ్రైవ్‌ను స్క్రాప్ వేలానికి పంపే కాగితం మీద సంతకం పెట్టే ముందు గడువు తీరని టేపులన్నిటినీ దాంట్లోనే చదివి, కొత్త టేపులకు ఎక్కించి, కొత్త డ్రైవ్‌లో మళ్లీ చదివి చూడాలి. ఆ పనికి నెల పట్టినా సరే, వేలం నెల ఆగుతుంది.